ముందు కాగితం, ఆ తర్వాతే డబ్బు

నాన్నా,

సాయంత్రం ఆరులోగా యాభై ఐదు వేలు తన నంబరుకి ఫోన్‌పే చేస్తే నీ క్రెడిట్ కార్డు బాకీ ఫైల్ క్లోజ్ అయిపోతుందని ఆ రికవరీ ఏజెంట్, అదే బ్యాంకు తరఫున బాకీలు వసూలు చేసేవాడు, అన్నాడని చెప్పావు కదా, చెయ్యకు. అప్పు తీర్చెయ్యాలని నువ్వు అనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది, ఇన్నేళ్ళు అది నిన్ను ఎంత తినేసిందో మీ అమ్మ చెబుతూనే ఉంది. కానీ తీర్చే పద్ధతి తప్పితే డబ్బూ పోతుంది, అప్పూ మిగులుతుంది. ఫోన్లో సగం సగం చెప్పడం ఇష్టం లేక కూర్చుని రాస్తున్నాను, పొడుగైనా చివరిదాకా చదువు.

నేను ఇరవై తొమ్మిదేళ్ళు బ్యాంకులో పనిచేశాను, చివరి ఆరేళ్ళూ మొండి బాకీల టేబుల్ నాదే. 2020లో ఉద్యోగం పోయినప్పుడు నీ కార్డు మీద 62 వేలు ఉంది, ఇప్పుడు 1,86,000 అంటున్నారు, 55 వేలకి ముగిస్తామంటున్నారు. బేరం బాగానే ఉంది, నిజమే కూడా కావచ్చు. పాత బాకీల్లో ఇంతకంటే తక్కువకి ఒప్పుకున్నవి నా చేతుల మీదుగానే వెళ్ళాయి. నాకు అనుమానం ఆ 55 వేల అంకె మీద కాదు, ఆ డబ్బు వెళ్ళే దారి మీద. బాకీ ఉన్నది బ్యాంకుకి, కాబట్టి డబ్బు నీ కార్డు ఖాతాలోనే పడాలి. మధ్యలో ఏ మనిషి జేబులోకీ, ఏ మనిషి ఫోన్ నంబరుకీ వెళ్ళకూడదు.

మీ చిన్న మామయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. వాడొక పర్సనల్ లోన్ తీసుకుని ఆగిపోయాడు. ఏజెంట్ ఇంటికొచ్చి, మర్యాదగా మాట్లాడి, కాఫీ తాగి, ముప్పై ఎనిమిది వేలు నగదు తీసుకుని రసీదు ఇచ్చి వెళ్ళాడు. ఆ రసీదు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. గులాబీ రంగు కాగితం, కార్బన్ పెట్టి రాసింది, పైన ఏజెన్సీ రబ్బరు స్టాంపు సగం అలికినట్టు పడింది, మామయ్య పేరు ఉంది, ఎంత కట్టాడో ఉంది, లోన్ నంబరు మాత్రం లేదు. ఎనిమిది నెలల తర్వాత ఇంకొకడు ఫోన్ చేసి బాకీ మొత్తం కట్టమన్నాడు. ఇద్దరం బ్రాంచికి వెళ్ళాం. అక్కడి ఆఫీసర్ పాపం మంచాయన, కంప్యూటర్ తెర మా వైపు తిప్పి ఖాతా చూపించాడు. ఆ నెల వరసలో వడ్డీ ఉంది, పెనాల్టీ ఉంది, మామయ్య కట్టిన ముప్పై ఎనిమిది వేలు లేదు. ఆ ఏజెంట్ మానేసి వెళ్ళిపోయాడట. మామయ్య ఆ తెర వైపే చూస్తూ కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. నేను బ్యాంకులో పనిచేస్తూ కూడా వాడికి ముందే చెప్పలేకపోయానని ఇప్పటికీ బాధపడతాను. అందుకే నీకు ఇంత రాస్తున్నది.

మీ ముత్తాతకి చదువు లేదు, వేలిముద్రకి బదులు సంతకం పెట్టడం మాత్రం నేర్చుకున్నాడు. అప్పు తీర్చడానికి వెళ్తే ముందు ప్రాంసరీ నోటు బల్ల మీద పెట్టించేవాడు. రెవెన్యూ స్టాంపు మీద ఉన్నది తన సంతకమేనని చూసుకున్నాకే నడుముకి కట్టుకున్న సంచి ముడి విప్పేవాడు. డబ్బు లెక్కపెట్టాక నోటు వెనక బాకీ తీరిందని చెల్లు రాయించి, అది చేతికి తీసుకునే లేచేవాడు. నీకు ఇప్పుడు ఆ నోటు బదులు సెటిల్‌మెంట్ లెటర్, అంటే ఇంత కడితే చాలని బ్యాంకు రాసిచ్చే ఉత్తరం ఉంటుంది, చెల్లు బదులు నో డ్యూస్ సర్టిఫికెట్, అంటే ఇక బాకీ ఏమీ లేదని ఇచ్చే కాగితం ఉంటుంది.

సెటిల్‌మెంట్ లెటర్ అంటే వాట్సాప్‌లో ఏజెంట్ టైప్ చేసి పంపే నాలుగు ముక్కలు కాదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉండాలి, బ్యాంకు సొంత ఈమెయిల్ నుంచి రావాలి, జీమెయిల్ నుంచి వస్తే పక్కన పెట్టెయ్. అందులో నీ పేరు, కార్డు నంబరు చివరి నాలుగు అంకెలు, ఇప్పటిదాకా ఉన్న మొత్తం బాకీ, ఎంతకి ఒప్పుకున్నారు, ఏ తేదీలోగా కట్టాలి, ఏ ఖాతాలో కట్టాలి, అన్నీ ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యం ఒక వాక్యం. ఈ మొత్తం కడితే బాకీ పూర్తిగా తీరినట్టే, ఇక ఏమీ అడగం అని స్పష్టంగా ఉండాలి. అది లేకుండా "55,000 స్వీకరించడానికి అంగీకరిస్తున్నాం" అని మాత్రమే ఉంటే, రేపు మిగిలిన లక్షా ముప్పై ఒక్క వేలు ఏమైందని అడిగే దారి వాళ్ళకి ఉన్నట్టే. నో డ్యూస్ ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా అందులోనే రాయమను.

లెటర్ వచ్చింది కదా అని వెంటనే కట్టెయ్యకు. ఆ లెటర్‌లో ఉన్న నంబరుకి కాకుండా, నీ కార్డు వెనక ఉన్న కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేసి ఇది మీరే ఇచ్చారా అని అడుగు. వీలైతే ప్రింట్ తీసుకుని బ్రాంచికి వెళ్ళు, నేనైతే బ్రాంచికే వెళ్తాను. ఒకవేళ బాకీని అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీకి, అంటే మొండి బాకీలు కొనుక్కునే కంపెనీకి, అమ్మేశామని బ్యాంకు చెబితే, ఎవరికి, ఏ తేదీన అమ్మారో బ్యాంకు నుంచే రాతపూర్వకంగా తీసుకో. అలాంటి కంపెనీలు రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఆ జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది. అప్పుడు లెటరూ ఆ కంపెనీదే, డబ్బూ ఆ కంపెనీ ఖాతాకే.

కట్టేటప్పుడు బ్యాంకు సొంత యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో నేరుగా కార్డు ఖాతాకి కట్టు, లేదా కౌంటర్లో కట్టి స్టాంపు వేసిన రసీదు తీసుకో. చెక్కు ఇస్తే బ్యాంకు పేరు పక్కనే కార్డు నంబరు కూడా రాసి, మూలన రెండు గీతలు గీసి క్రాస్ చేసి ఇవ్వు, ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటో తీసుకో. రాబోయే తేదీ వేసిన చెక్కులు మాత్రం ఖాతాలో డబ్బు కచ్చితంగా ఉంటుందన్న నమ్మకం లేకపోతే ఇవ్వనే ఇవ్వకు. కార్డు బాకీ సివిల్ వ్యవహారం, చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు అవుతుంది. పోలీసులొచ్చి అరెస్టు చేస్తారని ఏజెంట్ బెదిరించాడన్నావే, కట్టలేకపోయినంత మాత్రాన ఎవరూ అరెస్టు చెయ్యరు.

వాయిదాల్లో కడతానని ఒప్పుకుంటే ఇంకో చిక్కు ఉంది. ఒక్క వాయిదా ఒక్క రోజు ఆలస్యమైనా సెటిల్‌మెంట్ రద్దవుతుందని చాలా లెటర్లలో ఉంటుంది. అప్పుడు పాత మొత్తం మళ్ళీ నిలబడుతుంది, నువ్వు కట్టింది వడ్డీలో కలిసిపోతుంది. అందుకని ఒకేసారి కట్టు, గడువు తేదీ కూడా నీ జీతం పడ్డాక నాలుగైదు రోజులకి పెట్టించుకో. అంత సర్దుబాటు కాకపోతే నాకు చెప్పు, మొహమాటపడకు.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. "ఇప్పుడొక వెయ్యి వేయండి సార్, ఫైల్ లైవ్‌లో ఉంటుంది" అని అడుగుతారు. వెయ్యే కదా అని వేసెయ్యకు. ఇలాంటి బాకీ మీద కోర్టుకి వెళ్ళడానికి లిమిటేషన్ చట్టంలో మూడేళ్ళ గడువు ఉంది. ఆ గడువు లోపల కొంత కట్టినా, బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టినా లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవ్వచ్చు. గడువు దాటాక కూడా కడతానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందమే అవుతుంది. నీది దాటిందా లేదా అని వేళ్ళ మీద లెక్కపెట్టకు, కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. మన వకీలు గారికి ఒకసారి స్టేట్‌మెంట్లు చూపిద్దాం. బాకీ ఎగ్గొట్టమని చెప్పడం లేదు, తీసుకున్నది తీర్చాల్సిందే. కానీ నీ చేతిలో ఏముందో తెలిసి బేరం కుదుర్చుకోవడం వేరు, భయపడి ఒప్పుకోవడం వేరు.

ఆ మనిషి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడని, కోడలి ఆఫీసుకి కూడా చేశాడని విని నాకు చాలా కోపం వచ్చింది. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత రికవరీ కోసం ఫోన్ చెయ్యకూడదని 2022లో రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది, ఇంట్లోవాళ్ళనీ స్నేహితులనీ వేధించకూడదని కూడా చెప్పింది. ఇంటికొస్తే ఐడీ కార్డుతో పాటు బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించాలి, అడుగు, సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. ఫోన్లు వచ్చిన తేదీలు, టైములు ఒక పుస్తకంలో రాసి పెట్టుకుని ముందు బ్యాంకుకి ఫిర్యాదు ఈమెయిల్ చెయ్యి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చెయ్యొచ్చు, వివరాలకి 14448కి ఫోన్ చెయ్యి. ఎప్పుడైనా పొరపాటున మోసగాడి ఖాతాకి డబ్బు వెళ్ళిపోతే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, ఎంత ఆలస్యమైతే డబ్బు ఆగే అవకాశం అంత తగ్గుతుంది.

కట్టాక సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ రికార్డులో, పూర్తిగా తీర్చినట్టు క్లోజ్డ్ అని కాకుండా, తక్కువకి ముగించినట్టు సెటిల్డ్ అని పడుతుంది, అది ముందే తెలుసుకుని ఒప్పుకో. తర్వాత ఇంటి లోన్‌కి వెళ్ళినప్పుడు అడుగుతారు, ఆ బ్యాంకు అయితే కనీసం ఏడాది దాకా నీకు కొత్త అప్పు ఇవ్వదు. ఇప్పుడు నీకున్న టెన్షన్‌తో పోలిస్తే అది భరించదగ్గదే అని నా అభిప్రాయం, కోడలితో కూడా మాట్లాడుకో. రెండు నెలలాగి రిపోర్ట్ తీసి చూడు, ఏడాదికొకసారి ఉచితంగానే ఇస్తారు. ఇంకా బాకీ ఉన్నట్టే చూపిస్తే నో డ్యూస్ జత చేసి సరిచెయ్యమని సిబిల్‌కి రాయి, ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి వంద రూపాయల చొప్పున నీకు పరిహారం ఇవ్వాలి.

నో డ్యూస్, సెటిల్‌మెంట్ లెటర్, కట్టిన రసీదు, మూడూ ఒకే కవర్లో పెట్టి ఇంటి కాగితాలతో పాటు దాచు, ఫొటోలు తీసి నాకూ పంపు. తీరిపోయిన బాకీ పాత జాబితాల్లో మిగిలిపోయి నాలుగైదేళ్ళ తర్వాత వేరే ఏజెన్సీ ఫోన్ చెయ్యడం నేను చూశాను. ఆ రోజు ఈ కవరే నీ తరఫున మాట్లాడుతుంది.

శనివారం వస్తానన్నావు కదా, పాత స్టేట్‌మెంట్లు, వాళ్ళు పంపిన మెసేజ్‌లు అన్నీ తీసుకురా. అది రెండో శనివారం, బ్యాంకుకి సెలవు, అందుకని ఆదివారం కూడా ఉండిపో, సోమవారం పొద్దున్నే ఇద్దరం కలిసి బ్రాంచికి వెళ్దాం. ఈ సాయంత్రం వాడు మళ్ళీ ఫోన్ చేస్తే వాదించకు, అరవకు, "బ్యాంకు నుంచి లెటర్ పంపించండి, చూసుకుని బ్యాంకులో కడతాను" అని చెప్పి పెట్టెయ్యి. ఆఫర్ ఈ రోజుతో అయిపోతుందంటే అయిపోనీ.

మీ పెద్దమ్మ