నాలుగు వేల ఉద్యోగం చాలు

ప్రశ్న: చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో స్టోర్‌కీపర్‌గా 28 ఏళ్లు చేసి, 58 నిండగానే 2025 జూన్‌లో రిటైరయ్యాను. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 17 లక్షలు వచ్చాయి. ఆ డబ్బు ఖాతాలో పడి రెండు నెలలు దాటింది. పెన్షన్ మాత్రం నెలకు 4,200. చివర్లో 26 వేల జీతం తీసుకున్నవాడికి ఇంతేనా? లెక్క తప్పారేమోనని అనుమానం. సొంతిల్లే కానీ మందులతో కలిపి నెలకు 18 వేలు ఖర్చు. మా బావమరిది ఆ డబ్బు ఇస్తే నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుతానంటున్నాడు. ఇంట్లో ఏమీ తోచక పప్పుల డబ్బాలకు నంబర్లు వేసి చీటీలు అంటించాను. ‘ఇదేం మీ స్టోరు కాదు’ అని మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్.

జవాబు: ముందు మీ అనుమానం తీరుస్తాను. లెక్క తప్పలేదు. మిల్లు మీ పీఎఫ్‌కు జీతం మీద కట్టిన 12 శాతంలో 8.33 శాతం వంతే పెన్షన్‌కు పోతుంది, మిగతాది పీఎఫ్‌లో పడుతుంది. అదీ మీ అసలు జీతం మీద కాదు, 15,000 పరిమితి మీద. అంటే నెలకు 1,250. 2014 ఆగస్టు దాకా ఆ పరిమితి 6,500కు మించలేదు కాబట్టి అప్పట్లో మీ పేర పడింది మహా అయితే 541. ఇక పెన్షన్ లెక్క కట్టేటప్పుడు ఆ పరిమితి మేరకే జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. మీ సర్వీసులో పాత 17 ఏళ్ల పైచిలుకు 6,500 మీద, తర్వాతి పదకొండేళ్లు 15,000 మీద లెక్కేసి, 20 ఏళ్లు దాటినందుకు కలిపే రెండేళ్లూ చేర్చి చూశాను. 4,200 దగ్గరికే వచ్చింది. దీనికి డీఏ లేదు, ధరలతో పాటు పెరగదు. న్యాయమా అంటే కాదు. కానీ ఆ కోపంతో రాత్రి నిద్ర పాడు చేసుకోకండి.

ఇప్పుడు బావమరిది గారి సంగతి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అంత కట్టడానికి ఒప్పుకునేవాడికి బ్యాంకులో అప్పు పుట్టలేదన్నమాట. నేనూ ఒకసారి తెలిసినవాడే కదా అని రెండు లక్షలు ఇచ్చాను. అడగడానికి మొహమాటపడుతూ ఉండగానే మూడేళ్లు గడిచిపోయి ప్రామిసరీ నోటుకు కాలదోషం పట్టింది. నలుగురికీ పొదుపు పాఠాలు చెప్పే పోస్టుమాస్టరును! ఆ నోటు ఇంకా బీరువాలోనే ఉంది, పారేయడానికి చేయి రాక.

మీరు చేయాల్సింది ఒకటుంది, అదీ వెంటనే. పోస్టాఫీసులోగానీ బ్యాంకులోగానీ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఖాతా తెరవండి. అది 60 దాటినవాళ్లకే కదా అంటారేమో. 55 దాటి రిటైరైనవాళ్లూ వేయొచ్చు, కాకపోతే రిటైర్మెంట్ డబ్బు చేతికందిన మూడు నెలల్లోపు వేయాలి. మీకు రెండు నెలలు అయిపోయాయి. రిటైరైన తేదీ, వచ్చిన మొత్తం, ఎప్పుడు వచ్చిందన్న వివరాలతో మిల్లు నుంచి సర్టిఫికెట్ రాయించుకుని ఈ వారమే వెళ్లండి. ఆవిడను జాయింటుగా పెట్టండి, నామినీ పేరు మరిచిపోవద్దు. ఇది రాసే నాటికి వడ్డీ 8.2 శాతం. మీరు వేసిన రోజు ఏ రేటు ఉంటే అదే అయిదేళ్లూ ఉంటుంది. 15 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 30,750 వస్తుంది, అంటే నెలకు 10,250. మిగతా రెండు లక్షలు ఆసుపత్రి అవసరాలకని బ్యాంకులో విడిగా ఉంచండి, వాటి జోలికి పోకండి.

పెన్షన్‌తో కలిపితే 14,450. మీ ఖర్చు 18 వేలు. తేడా మూడున్నర వేలు. ఇంకో పాతిక వేల ఉద్యోగం వెతుక్కోవాలేమోనని భయపడుతున్నట్టున్నారు గానీ, మీకు కావలసింది నాలుగు వేల ఉద్యోగం. పూట పని చాలు. మీ ఊళ్లో ఎరువుల దుకాణాలు, పత్తి కమీషన్ కొట్లు, స్పేర్‌పార్ట్స్ షాపులు ఉన్నాయి. స్టాకు రిజిస్టరు సరిగ్గా రాసే మనిషి దొరక్క వాళ్లలో సగంమంది తల పట్టుకుంటారు. పొద్దున తొమ్మిదికి వెళ్లి ఒంటిగంటకు ఇంటికొచ్చేలా మాట్లాడుకోండి. అప్పుడు డబ్బాల మీద చీటీలు మీరే పీకేస్తారు. అంతదాకా ఆగకండి, ఆవిడకు తెలియకుండా ఈ సాయంత్రమే పీకేయండి.

రిటైరైన మొదటి నెల నేనూ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవాణ్ని. పోస్టుమ్యాన్ ‘సెలవా సార్?’ అని అడిగి నాలిక కరుచుకున్నాడు.

ప్రశ్న: సిరిసిల్ల నుంచి రాస్తున్నాను. మా అమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. పీఎఫ్ పెన్షన్ వస్తుంది. లైఫ్ సర్టిఫికెట్ కోసం మీసేవకు పోతే వేలిముద్ర పడుత లేదు. నవంబర్ దాటితే పెన్షన్ ఆగుతుందా?

జవాబు: ఆకు, తంబాకుతో అన్నేళ్లు అరిగిన వేళ్లమ్మా అవి, మిషన్‌కు గీతలు ఎక్కడ దొరుకుతాయి. వేలిముద్ర వదిలేయండి. మీ ఫోన్లో జీవన్ ప్రమాణ్ యాప్, దానితో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకుని ముఖంతోనే పంపొచ్చు. ఆధార్ నంబరు, పీపీఓ నంబరు (పెన్షన్ మంజూరు కాగితం మీద ఉంటుంది) దగ్గర పెట్టుకోండి. పీఎఫ్ పెన్షన్‌కు నవంబరే అన్న గడువు లేదు. కిందటిసారి ఏ తేదీన ఇచ్చారో అక్కడి నుంచి ఏడాది చెల్లుతుంది, ఆ తేదీ చూసుకోండి. అమ్మను వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి, వెనక కిటికీ ఉండకూడదు. యాప్ రెప్ప వేయమంటుంది. ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఫొటో అనుకుని కళ్లు పెద్దవి చేసి కదలకుండా కూర్చుంటుంది.