పెళ్లి గుర్రం ఎక్కిస్తే మా బాబుకి నడక వస్తుందా డాక్టర్?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బాబుకి ఐదున్నరేళ్లు. ఏడో నెలలోనే పుట్టాడు, చాలా రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచారు. తర్వాత సెరిబ్రల్ పాల్సీ అన్నారు, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు సరిగా రాని సమస్య అట. రెండున్నరేళ్లకి కూర్చున్నాడు. ఇప్పుడు గోడ పట్టుకుని మునివేళ్ల మీద నాలుగడుగులు వేస్తాడు గానీ కాళ్లు కత్తెరలా అడ్డం పడిపోతాయి. మాటలు బాగానే వస్తాయి. పోయినేడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, సిరప్ వాడుతున్నాం. ఇలాంటి పిల్లల్ని గుర్రం ఎక్కిస్తే నడుస్తారని ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది, పోలియో వచ్చిన ఆవిడ గుర్రపు స్వారీలో ఒలింపిక్ మెడల్ కూడా కొట్టిందట. మా వీధిలో ఒకాయన పెళ్లి ఊరేగింపులకి గుర్రాన్ని తిప్పుతాడు, రోజూ అరగంట ఎక్కిస్తానన్నాడు. మా మామగారేమో పొలం అమ్మి, ఈ గుర్రం థెరపీ కోసం బెంగళూరు తీసుకెళ్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు రెండు మాటలు చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. పెళ్లి గుర్రం ఎక్కించకండి. పొలం అమ్మకండి.

ఇక వీడియో సంగతి. అందులో ఒలింపిక్ మెడల్ మాట అబద్ధం కాదు. ఆవిడ పేరు లిస్ హార్టెల్, డెన్మార్క్ దేశస్థురాలు. 1944లో పోలియో వచ్చింది, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలో వెండి పతకం గెలిచింది, 1956లో మళ్లీ గెలిచింది. అయితే ఆవిడ పోలియో రాకముందే మంచి రౌతు. పతకాలు వచ్చాక కూడా మోకాళ్ల కింద కాళ్లకి బలం తిరిగి రాలేదు, గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా పక్కవాళ్లు సాయం పట్టాల్సిందే. అంటే గుర్రం ఆవిడని పోటీ దాకా తీసుకెళ్లింది, పోలియోని మాత్రం నయం చెయ్యలేదు. వీడియో చేసినవాళ్లు ఈ సగం వదిలేశారు. ఆవిడ గెలిచాక యూరప్‌లో వైకల్యం ఉన్నవాళ్లకి స్వారీ నేర్పే కేంద్రాలు పెరిగాయి, ఫిజియోథెరపిస్టులు కూడా దీన్ని పట్టించుకోవడం మొదలైంది.

అసలు గుర్రం చేసేదేమిటంటే, అది నడిచేటప్పుడు దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ కదులుతూ కొంచెం తిరుగుతూ కూడా ఉంటుంది. మనం నడిచేటప్పుడు మన కటి భాగం కదిలే తీరు కూడా దాదాపు ఇదే. కాబట్టి సొంతంగా నడవలేని పిల్లాడు గుర్రం మీద కూర్చుంటే, వాడి నడుముకి నడక ఎలా ఉంటుందో అనుభవంలోకి వస్తుంది, పడిపోకుండా నిలదొక్కుకోవడానికి వెన్ను, పొట్ట కండరాలు క్షణక్షణం సర్దుకుంటూ పనిచేస్తాయి. గుర్రం మెల్లగా నడిచినా నిమిషానికి నూరు అడుగుల దాకా వేస్తుంది, ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లు సర్దుకోవాలో మీరే లెక్కేసుకోండి, ఏ థెరపిస్టూ చేత్తో అన్నిసార్లు చేయించలేడు. పైగా కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోవాలి కాబట్టి తొడ లోపలి కండరాలు, అవే మీ బాబు కాళ్లని కత్తెరలా లాగేవి, నెమ్మదిగా సాగుతాయి. గుర్రం ఒంటి వేడి మనకంటే ఒక డిగ్రీ ఎక్కువ, అందుకే చాలా చోట్ల జీను తీసేసి పలచటి మెత్త మీదే కూర్చోబెడతారు, ఆ వెచ్చదనానికి కూడా బిగువు కాస్త వదులుతుంది.

ఫలితం ఎంత అంటే, కొంత. పరిశోధనలు చాలా వరకు చిన్నవి, ఒక్కోదాంట్లో పిల్లలు తక్కువ. కూర్చునే పట్టు, వెన్ను నిలుపు, రెండు కాళ్ల బిగువు సమానంగా ఉండటం లాంటివి మెరుగైనట్టు వాటిలో కనిపిస్తుంది. నడక రాని పిల్లాడికి గుర్రం వల్ల నడక వచ్చిందని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. 

ఇంకో విషయం, గుర్రపు స్వారీ నేర్పడం వేరు, గుర్రాన్ని పెట్టుకుని ఫిజియోథెరపీ చెయ్యడం వేరు. రెండోదాంట్లో ఫిజియోథెరపిస్టో ఆక్యుపేషనల్ థెరపిస్టో పక్కనే ఉండి, ఎప్పుడు నడిపించాలి, ఎప్పుడు ఆపాలి, పిల్లాడిని ముందుకి తిప్పి కూర్చోబెట్టాలా వెనక్కి తిప్పాలా అని చూస్తుంటారు. గుర్రాన్ని ఒకరు పట్టుకుంటారు, పిల్లాడికి చెరో పక్క ఒక్కొక్కరు నడుస్తారు, తలకి హెల్మెట్ ఉంటుంది. గుర్రం కూడా ఏదో ఒకటి కాదు, నెలల తరబడి అలవాటు చేసిన నెమ్మదైన జంతువు. అరగంట చొప్పున వారానికి ఒకటో రెండో సార్లు, కొన్ని వారాల పాటు చేస్తారు. ఇవేవీ లేకుండా గుర్రం ఎక్కిస్తే దాన్ని షికారు అనాలి, థెరపీ అనకూడదు. వైజాగ్ బీచ్‌లో వంద రూపాయలిచ్చి ఎక్కించేది అదే.

మీ వీధిలో ఆయన మనసు మంచిదే, కాదనను. కానీ పెళ్లి గుర్రానికి నేర్పేదేమిటి? బ్యాండ్‌కి కాళ్లెత్తి ఆడటం. పక్కన ఎవరో టపాకాయ కాల్చారనుకోండి, లేదా మోటార్ సైకిల్ హారన్ కొట్టిందనుకోండి, అది బెదిరి ఒక్క గెంతు గెంతితే బాబు పట్టుకోలేడు. అయిదడుగుల ఎత్తు నుంచి తల కిందికి పడితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. గుర్రాల నుంచి మనుషులకి అరుదుగానైనా సోకే గ్లాండర్స్ అనే జబ్బుంది, దానికి పశుసంవర్ధక శాఖ వాళ్లు రక్తపరీక్ష చేస్తారు, ఊరేగింపు గుర్రాలకి ఆ పరీక్ష ఎప్పుడైనా జరిగిందో లేదో ఎవరికి తెలుసు. బాబు గుర్రాన్ని చూసి ముచ్చటపడితే దూరం నుంచి చూపించండి, చాలు.

సరే, మంచి కేంద్రమే దొరికిందనుకుందాం, అప్పుడైనా మీ బాబుని వెంటనే ఎక్కించవచ్చా? ఎక్కించకూడదు. ముందు తుంటి కీళ్లకి ఎక్స్‌రే తీయించాలి. ఇది ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో దాదాపు మూడింట ఒకరికి తొడ ఎముక పైభాగంలో ఉండే గుండ్రటి తల, తుంటి గిన్నెలోంచి కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతుంది, కాళ్లు కత్తెర పడే పిల్లల్లో ఈ భయం ఎక్కువ, మొదట్లో నొప్పి కూడా ఉండదు కాబట్టి తల్లిదండ్రులకి తెలియదు. అలా జరిగిన కీలు మీద కాళ్లు బలవంతంగా ఎడం చేసి కూర్చోబెడితే చెడే జరుగుతుంది. గుర్రం మాట పక్కన పెట్టినా ఈ ఎక్స్‌రే కావలసిందే. ఒకసారి తీయించి ఊరుకోవడం కాదు, ఎముకల డాక్టర్ చెప్పిన గడువుకి మళ్లీ మళ్లీ తీయించాలి. ముందుగా కనిపెడితే చిన్న ఆపరేషన్‌తో పోతుంది, ఆలస్యమైతే పెద్దదవుతుంది.

రెండోది ఫిట్స్. అవి పూర్తిగా అదుపులో ఉన్నాయని నరాల డాక్టర్ చెప్పే దాకా గుర్రమూ వద్దు, ఎత్తులో కూర్చోబెట్టే ఏ పనీ వద్దు. ఫిట్స్ మళ్లీ రాలేదు కదా అని సిరప్ మీరే ఆపేయకండి, చాలామంది చేసే పొరపాటు అదే. ఐదేళ్లు దాటాయి కాబట్టి ఐదు నుంచి ఆరేళ్ల మధ్య వేసే డీపీటీ బూస్టర్ (ధనుర్వాతం రాకుండా కూడా కాపాడే టీకా) వేయించారో లేదో కార్డు చూడండి, ధనుర్వాతం క్రిములు గుర్రప్పేడలో, మట్టిలో ఉంటాయి.

ఇది చదివే వేరే తల్లిదండ్రుల కోసం ఒక ముక్క. డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోమ్ ఎక్కువై పుట్టుకతో వచ్చే సమస్య) ఉన్న పిల్లలకి మెడలో పై రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉండే అవకాశం ఉంది, డాక్టర్ మెడ పరీక్షించి సరే అనకుండా గుర్రం ఎక్కించకూడదు. తల నిలపలేని పిల్లలు, వెన్ను బాగా వంగిపోయినవాళ్లు, ఎముకలు పెళుసుగా ఉన్నవాళ్లు, జంతువుల వెంట్రుకలకి ఆయాసం వచ్చేవాళ్లు కూడా దూరంగా ఉండాలి.

ఇప్పుడు మామగారి పొలం సంగతి. బెంగళూరులో ఇల్లు అద్దెకి తీసుకుని, కొన్ని నెలలు గుర్రం ఎక్కించి వస్తే, వచ్చాక ఏమిటి? ఈ పిల్లలకి పనికొచ్చేది రోజూ జరిగే సాధన, అదీ ఇంట్లో, వాడికి అవసరమైన పనుల మీద. గుర్రం ఉంటే అదనం, లేకపోతే పోయిందేమీ లేదు. ఆ డబ్బు ఉంచుకోండి, రేపు తుంటికో మడమకో ఆపరేషన్ అవసరమైతే పనికొస్తుంది.

గుర్రం ఇచ్చే పనిలో కొంత ఇంట్లోనే చేయించవచ్చు. పాత దుప్పట్లు గట్టిగా చుట్టి చీరతో బిగించి కట్టండి, బాబు దాని మీద అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి, అంత లావే ఉండాలి. మీ ఆయన వెనక కూర్చుని పట్టుకోవాలి, చంకల దగ్గర కాదు, తుంటి ఎముకల దగ్గర. చుట్టని మెల్లగా అటూ ఇటూ దొర్లిస్తూ, ఒక పక్క గిన్నెలోంచి చింతపిక్కలు తీసి రెండో పక్క గిన్నెలో వెయ్యమనండి. వేడినీళ్ల స్నానం అయ్యాక చేస్తే కండరాలు తేలిగ్గా సాగుతాయి. పది పదిహేను నిమిషాలు చాలు, ఏడిస్తే ఆపెయ్యండి. కాళ్లు వెనక్కి మడిచి చెరో పక్కకి పెట్టి కూర్చునే అలవాటు ఉంటే మాన్పించి చిన్న పీట మీద కూర్చోబెట్టండి. పీట మీంచి లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం, ఇది కాళ్లకి బలం ఇచ్చే మంచి వ్యాయామం. పెరట్లో బాబు చేతికి అందే ఎత్తులో రెండు వెదుర్లు సమాంతరంగా కట్టిస్తే వాటిని పట్టుకుని మధ్యలో నడుస్తాడు. ఎక్స్‌రే చూశాక ఫిజియోథెరపిస్టు ఒకసారి దగ్గరుండి చూపించాకే ఇవన్నీ మొదలుపెట్టండి.

ఎక్కడికి వెళ్లాలంటే, గజపతి జిల్లా కేంద్రం మీ ఊరే కదా, ముందు జిల్లా ఆసుపత్రికి వెళ్లి ఆర్బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే పథకం) వాళ్ల డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందుగా కనిపెట్టి చూసే కేంద్రం, గురించి అడగండి. ఆ పథకం 18 ఏళ్ల లోపు పిల్లలకి, డబ్బు కట్టక్కర్లేదు. పెద్ద పరీక్షలకి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ. మడమలకి స్ప్లింట్లు (పాదాన్ని సరిగా పట్టి ఉంచే తొడుగులు), వాకర్, కండరాల బిగువు తగ్గించే బోటాక్స్ ఇంజెక్షన్ అవసరమా, ఆపరేషన్ అవసరమా అనేది ఒకచోటే తేలాలంటే కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ స్వామి వివేకానంద జాతీయ సంస్థ ఉంది. నా సలహా అయితే బెంగళూరు టికెట్ బదులు కటక్ టికెట్ కొనండి. ఒడియా రాదని టెన్షన్ పడకండి, మీ ఊళ్లో పుట్టినవాళ్లకి అది ఎలాగూ వచ్చే ఉంటుంది.

యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, ఇంకా చేయించకపోతే చేయించండి. దానితో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. సెరిబ్రల్ పాల్సీ అందులో ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చులకి కూడా పరిమితి మేరకు ఇస్తారు.

నడుస్తాడా అని అడిగారు. చూడకుండా మాట ఇవ్వలేను. రెండున్నరేళ్లకి కూర్చుని, ఇప్పుడు గోడ పట్టుకుని అడుగులు వేస్తున్న పిల్లాడు వాకర్‌తోనో చేతికర్రలతోనో బడికి నడిచి వెళ్లే అవకాశం బాగానే ఉంటుంది, తుంటి బాగుంటే. ఎక్స్‌రేలో ఏం రాశారో, బాబు బరువెంతో, ఫిట్స్ సిరప్ పేరూ మోతాదూ రాసి మళ్లీ పంపండి, అప్పుడు ఇంకొంచెం వివరంగా చెప్తాను.