రెండేళ్ళ పిల్లాడికి ఎగ్జిమా: అలర్జీ ప్యానెల్ చేయించాలా?

మీరడిగింది ఇది: రెండేళ్ళ బాబుకి మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి ఎర్రబడి దురద పెట్టే జబ్బు, ఉంది. ల్యాబ్ వాళ్ళు రకరకాల తిండి పదార్థాలకి ఐజీఈ ప్యానెల్, అంటే అలర్జీ యాంటీబాడీలు చూసే రక్తపరీక్షలు, చేయించమంటున్నారు. పాజిటివ్ వచ్చినవన్నీ మాన్పిస్తే తగ్గుతుందా? చాలామంది పిల్లల్లో తగ్గదండి. ఎందుకో తెలియాలంటే 2006లో వచ్చిన ఒక పరిశోధన చూడాలి.

స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్లీన్ బృందం ఆ ఏడాది ఫిలాగ్రిన్ జన్యువులోని లోపాలకీ ఎగ్జిమాకీ గట్టి సంబంధం ఉందని తేల్చింది. ఆ జన్యువులో దాదాపు ఒకేలా ఉండే ముక్క 10 నుంచి 12 సార్లు వరసగా వస్తుంది. అందుకే దాన్ని చదవడం అంతకుముందు ఎవరికీ అంత తేలిగ్గా కుదరలేదు. ఫిలాగ్రిన్ చర్మం పైపొరని బిగించి ఉంచే ప్రొటీన్. తర్వాత అదే అమైనో ఆమ్లాలుగా విడిపోయి తేమను పట్టి ఉంచుతుంది. అది తక్కువైతే లోపలి నీరు బయటికి పోతుంది, బయటి ప్రొటీన్లు లోపలికి దిగుతాయి. జన్యువు బాగున్నా సరే, వాపు ఉన్నచోట ఐఎల్-4, ఐఎల్-13 అనే రసాయనాలు ఫిలాగ్రిన్ తయారీని తగ్గిస్తాయి. అంటే మంట ఆర్పకుండా వదిలేస్తే పొర ఇంకా చెడుతుంది. చాలామంది పిల్లల్లో తిండి అలర్జీ దీని తర్వాతే మొదలవుతుంది.

లండన్‌లో అలర్జీ వైద్యుడు గిడియన్ లాక్ చేసిన పనిదీ ఇదే దారి. వేరుశనగ నూనె కలిసిన క్రీములు ఒంటికి రాసిన పిల్లల్లో వేరుశనగ అలర్జీ ఎక్కువని 2003లో ఆయన బృందం గమనించింది. 2015లో వచ్చిన లీప్ అధ్యయనంలో, తీవ్రమైన ఎగ్జిమాగానీ గుడ్డు అలర్జీగానీ ఉన్న 640 మంది పసిపిల్లల్లో కొందరికి వేరుశనగ తినిపించారు, కొందరికి మాన్పించారు. మొదట చర్మ పరీక్ష నెగెటివ్‌గా ఉన్నవాళ్ళలో, ఐదేళ్ళ వయసుకి మాన్పించినవాళ్ళకి 13.7 శాతం, తిన్నవాళ్ళకి 1.9 శాతం అలర్జీ వచ్చింది. కాబట్టి పగిలిన చర్మం మీద వేరుశనగ నూనె మర్దన, సెనగపిండి నలుగు ఆపేయండి. ఆలివ్ నూనె కూడా పొరని దెబ్బతీస్తుందని ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో చూపించారు. అమ్మమ్మలు ఒప్పుకోరు, తెలుసు. పుండ్లు మానేదాకా అయినా ఒప్పించండి.

ఐజీఈ పాజిటివ్ అంటే ఒంట్లో ఆ ప్రొటీన్‌కి ప్రతిస్పందించే యాంటీబాడీ ఉందని మాత్రమే. హాయిగా తింటున్న వస్తువుకి కూడా అది పాజిటివ్ రావచ్చు. దాన్ని చూసి పాలు, గుడ్డు, గోధుమ మాన్పిస్తే పిల్లాడు చిక్కిపోతాడు. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది: నెలల తరబడి మాన్పించిన వస్తువు మళ్ళీ పెట్టినప్పుడు ఒక్కసారిగా తీవ్రమైన రియాక్షన్ వచ్చిన సందర్భాలున్నాయి. తిన్న నిమిషాల్లోనో రెండు గంటల లోపో దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు వస్తే అప్పుడు ఆ ఒక్క వస్తువుకే పరీక్ష చేయించండి.

ఇక చేయాల్సింది. గోరువెచ్చని నీళ్ళతో 5 నుంచి 10 నిమిషాలు స్నానం, సబ్బు వద్దు. టవల్‌తో రుద్దకుండా అద్దండి, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. వాసన లేనిది, చిక్కటిది తీసుకోండి. ఒళ్ళంతా ఎగ్జిమా ఉన్న పిల్లలకి వారానికి 250 గ్రాములు, అంతకు మించీ పడుతుంది. నెలకో చిన్న ట్యూబు చాలుతోందంటే సరిపడా రాయడం లేదన్నమాట. డబ్బాలో వేలు ముంచకండి, చెంచాతో తీయండి, లేకపోతే క్రిములు చేరతాయి. పుట్టినప్పటినుంచి రాస్తే ఎగ్జిమా రాకుండా ఆపొచ్చన్న ఆశ మాత్రం నిలబడలేదు: ఇంగ్లండ్‌లో 1,394 మంది పిల్లల మీద చూసిన అధ్యయనం ఫలితం 2020లో వచ్చింది, తేడా లేదు. బోరు నీళ్ళ కోసం సాఫ్ట్‌నర్ కొనడం కూడా దండగే. 2011లో 336 మంది పిల్లల్లో దానివల్ల ఎగ్జిమా ఏమీ తగ్గలేదు.

ఎర్రబడి దురద పెడుతున్నచోట మాయిశ్చరైజర్ ఒక్కటే చాలదు. డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఎక్కువమంది భయపడి పలచగా పూసి, రెండు రోజులకే మానేస్తారు. మంట మళ్ళీ లేస్తుంది, మందు పని చేయలేదంటారు. కొలత ఇది: పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన మందు అర గ్రాము, అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చోటుకి, వేళ్ళతో సహా, వస్తుంది. ఒకటి, రెండేళ్ళ పిల్లలకి ఒక చెయ్యి మొత్తానికి ఒకటిన్నర కొలత, ఒక కాలికి రెండు. చర్మం మామూలుగా అయ్యేదాకా రాసి, తర్వాత పాత మచ్చల మీద వారానికి రెండు రోజులు కొనసాగించే పద్ధతి గురించి డాక్టర్ని అడగండి. మాయిశ్చరైజర్‌కీ స్టెరాయిడ్‌కీ మధ్య అరగంట ఎడం ఉంచండి. మెడికల్ షాపులో ఇచ్చే, స్టెరాయిడ్‌తోబాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన క్రీములు మాత్రం ముట్టుకోకండి.

పసుపుపచ్చ చీము పొక్కులు కడితే ఇన్ఫెక్షన్; చూపించండి. జ్వరంతోబాటు, ఒకే సైజు చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి, చితికి గుండ్రటి పుండ్లుగా మారుతుంటే హెర్పిస్ అనే వైరస్ కావచ్చు. అప్పుడు మర్నాటిదాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.