ఆరో గడిలో ఎవరున్నారు?

చిరంజీవికి ఆశీస్సులు.

గంజాం జిల్లా మగవాళ్ల వృత్తుల మీద నువ్వు రాసింది చదివాను. 1881 జనాభా లెక్కల పట్టిక తీసుకుని, శాతాలు కట్టి, జిల్లాలో సగంమందికి పనే లేదని తేల్చేశావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్.

ఆ ఏటి పట్టికలో ఆరు గడులు, అంటే ఆరు తరగతులు: ఉద్యోగాలు, ఇంటిచాకిరీ, వర్తకం, వ్యవసాయం, చేతిపనులు, ఆరోది అనిర్దిష్టం, అనుత్పాదకం. అందులో మగపిల్లలున్నారు, ఫలానా పని అని రాయించనివాళ్లున్నారు, వాళ్లతోపాటే ఏ పని దొరికితే దానికి పోయే కూలీలూ ఉన్నారు. పొద్దస్తమానం ఊడ్పుల్లో వంగినవాణ్ని కూడా అనుత్పాదకం కింద వేయగల పట్టిక అది!

లెక్క ఇలా చూడు. ఊహకి వెయ్యిమంది మగవాళ్లనుకో. ఆరో గడిలో 500, వ్యవసాయంలో 350. వెయ్యితో భాగిస్తే వ్యవసాయం 35 శాతం, ఆరో గడి తీసేసి భాగిస్తే 70. ఏ సంఖ్యతో భాగించావో ప్రతిచోటా రాయి. తర్వాత అదే ఏటి వయసుల పట్టిక తెరిచి, పదేళ్లలోపు మగపిల్లల్ని ఆరో గడిలోంచి తీసెయ్. మిగిలినవాళ్లలో ఎక్కువమంది కూలీలే అయ్యుంటారు. పశువులు కాసే కుర్రాళ్లు నాలుగో గడిలో పడే వీలుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే, ఆ మాటా రాయి.

ఇక అంతస్తు సంగతి. ఆ గడులు పనినిబట్టి గీసినవి, కలిమినిబట్టి కాదు. కలెక్టరూ కచేరీ బంట్రోతూ ఒకటో గడి. షావుకారూ బాడుగబండి తోలేవాడూ మూడో గడి. భూస్వామీ అతని కౌలుదారూ నాలుగో గడి. బరంపురం పట్టుసాలెల్లో సొంత మగ్గం, సొంత పట్టు ఉన్నవాడూ, షావుకారిచ్చిన పట్టుతో కూలికి నేసేవాడూ ఇద్దరూ ఐదో గడే. అందుకే "ఐదో తరగతి అంటే మధ్యతరగతి" అన్న నీ పేరా నిలవదు. ఎవరిది ఎంత భూమో తెలియాలంటే ఇనాం (మాన్యం) భూముల రిజిస్టర్లు, జమాబందీ అనే ఏటేటి శిస్తు లెక్కలు చూడాలి.

ఏళ్లను పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. 1901లో పనిచేసేవాళ్లనీ వాళ్లమీద ఆధారపడినవాళ్లనీ విడదీశారు, వృత్తుల్ని 520 గుంపులు చేశారు. 1911కి పద్ధతే మారి 169 అయ్యాయి. 1881 పక్కన నేరుగా పెడితే చేతిపనులు పెరిగాయో తగ్గాయో పట్టిక చెప్పదు.

హద్దులూ అంతే. 1931 లెక్కల దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం అంటే టెక్కలి, సోంపేట కూడా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక ఆ తాలూకాలు మద్రాసువైపు ఉండిపోయాయి, పర్లాకిమిడి పట్నం ఒడిశాకు వెళ్లింది. కాబట్టి జిల్లా అంకె వదిలి తాలూకా అంకెలు పట్టుకో. ఏజెన్సీని, అంటే కొండ ప్రాంతాన్ని, కలిపారో విడిగా ఇచ్చారో కూడా చూసుకో, నువ్వు చెప్పకుండా దాటేశావు.

ఒకటి మరిచాను. జనాభా లెక్కలు ఫిబ్రవరి, మార్చిల్లో జరిగేవి. కోతలయ్యాక గోపాలపురం రేవులో ఓడెక్కి బర్మాలో రంగూన్ మిల్లులకు పోయినవాళ్లు లెక్క రాసే ఆ రాత్రి ఇక్కడ లెక్కకు రారు. జనాభా లెక్కల బర్మా సంపుటంలో పుట్టిన చోటు చెప్పే పట్టిక ఉంటుంది, వాళ్లని అక్కడ వెతుకు. ఆ సంపుటం చూశాకే "మగవాళ్లు తక్కువ" అన్న పేరా ముట్టుకో.

తిరగరాసేటప్పుడు తాలూకాలవారీ పట్టిక ముందు పంపు. వ్యాసం తర్వాత చూద్దాం.