మంత్రి వెళ్లాల్సిందే, కానీ హెడ్‌క్వార్టర్స్ దగ్గరే ఆగిపోకూడదు

"విదేశాల్లో ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో ఉన్న మన జవాన్ల దగ్గరికి రక్షణ మంత్రి వెళ్తే నిజంగా లాభం ఉంటుందా, లేక ఫొటోల కోసమేనా?" అని అడిగారు.

లాభం ఉంటుంది. ఆ లాభం క్యాంపులో కన్నా ఊళ్లో, ఇంట్లో ఎక్కువ. జవాను అక్కగా గట్టిగానే చెబుతున్నా.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా తమ్ముడికి ఆఫ్రికాలోని కాంగోలో, గోమా నగరం వైపు శాంతి దళంలో డ్యూటీ పడింది. 2025 జనవరి చివర్లో ఎం23 తిరుగుబాటుదారులు గోమాలోకి చొరబడ్డారు. నాయినకు కంటి ఆపరేషన్ అయిందని నేనప్పుడు అమ్మగారింట్లోనే ఉన్నా. ముందు రోజు తమ్ముడు వీడియో కాల్‌లో బాగానే మాట్లాడాడు. వెనకాల దోమతెర, మంచం మీద శాంతి దళం వాళ్ల నీలం టోపీ కనిపించాయి. తెల్లారి నుంచి ఫోన్ కలవలేదు.

మా ఇంట్లో సిగ్నల్ వంటింటి కిటికీ దగ్గరే వస్తుంది. అమ్మ ఫోన్‌ని కిటికీ చువ్వలకు ఆనించి, చార్జర్ పీకకుండా, పక్కనే పీట వేసుకుని కూర్చుంది. చేటలో బియ్యం ఏరుతూనే ఉంది, అయిపోతే మళ్లీ అవే ఏరింది. నాయిన కంటికి కట్టుతోనే టీవీ పెట్టమన్నాడు. తెలుగు చానళ్లన్నీ తిప్పాం. మేం చూసినంతసేపు ఒక్కదాంట్లో గోమా పేరు రాలేదు. హైదరాబాద్‌లో ఎవరో నాయకుడు కారు దిగితే గంటసేపు చూపిస్తారు, మన పిల్లలు తుపాకుల మధ్య ఉంటే కింద స్క్రోలింగ్ కూడా వేయరు. దక్షిణాఫ్రికా, ఉరుగ్వే సైనికులు చనిపోయారని నేను నా ఫోన్‌లో చదివాను. అమ్మకు చెప్పలేదు.

అప్పుడే పక్కింటి పెద్దమ్మ వచ్చి, "ఎవరి దేశమో, ఎవరి కొట్లాటనో, మన పోరడెందుకు పోవాలె?" అంది. అమ్మ మాట్లాడలేదు. అదే కశ్మీర్ అయితే ఆ మాట ఎవరూ అనరు. గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన కర్నల్ సంతోష్ బాబు మా ఉమ్మడి నల్లగొండ బిడ్డ, సూర్యాపేట వాడు. ఆయన పేరు ఇక్కడ చిన్న పిల్లలకు కూడా తెలుసు. కాంగోలోనే, 1961 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి నీలం జెండా కింద పోరాడి చనిపోయి పరమవీర చక్ర పొందిన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా పేరు మాత్రం మా ఊళ్లో ఎవరినడిగినా తెలియదు. శాంతి దళాల్లో అందరికన్నా ఎక్కువ మందిని పోగొట్టుకున్న దేశం మనదే, దాదాపు 180 మంది. మంత్రి అక్కడికి వెళ్తే ఆ వార్త తెలుగులోనూ వస్తుంది, పెద్దమ్మ అడిగిన దానికి ఇంటి గడపలోనే జవాబు దొరుకుతుంది. నేను మొదట కోరేది అదే.

తర్వాత ఫోన్ మోగింది. "అమ్మా, మంచిగున్న. నెట్ లేకుండె" అన్నాడు. అమ్మ "తిన్నవా బిడ్డా?" అని మాత్రం అడిగి, ఫోన్ నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్లిపోయింది.

ఫొటోల సంగతి కూడా తమ్ముణ్ణే అడిగాను. పెద్దవాళ్లు వస్తున్నారంటే రాళ్లకు సున్నం కొట్టడం, పరేడ్ ప్రాక్టీస్, పైనుంచి కిందిదాకా టెన్షన్ ఉంటాయన్నాడు. అయితే ఒకసారి ఢిల్లీ నుంచి వచ్చిన ఓ పెద్ద అధికారి బడాఖానాలో, అంటే అందరూ కలిసి తినే విందులో, జవాన్ల మధ్య కూర్చుని తిన్నాడట. ఇబ్బందులేమిటని అడిగితే మామూలుగానే అందరూ "అంతా బాగుంది సార్" అన్నారట. ఒక్క వంటవాడు మాత్రం ఇంటికి ఫోన్ కలవడం లేదని ధైర్యంగా చెప్పాడట. ఆ తర్వాతే క్యాంపులో వై-ఫై బాగుపడింది. మా అమ్మ కొడుకు మొహం చూడగలిగింది ఆ వంటవాడి పుణ్యమే. అధికారి వస్తేనే అంత పని జరిగితే, మంత్రి వస్తే ఎంత జరగాలి?

అక్కడ రోజువారీ ఆర్డర్లు ఐరాస ఫోర్స్ కమాండర్‌వి, మంత్రి వాటిలో వేలు పెట్టలేరు. కానీ సెలవులు, ప్రమోషన్లు, ఇంటి కష్టాలు మన దేశం చేతిలోవే. తమ్ముడు కాంగోలో ఉండగా వాడి పేరున భూమి రాయించబోతే, వేలిముద్రకు మనిషే రావాలని ఒక ఆఫీసులో నాయినను తిప్పి తిప్పి పంపారు. యూనిట్ వాళ్లిచ్చిన కాగితాన్ని చూడను కూడా చూడలేదు. సరిహద్దులో ఉన్నవాడైతే లీవు పెట్టి రైలెక్కుతాడు, ఆఫ్రికా నుంచి ఎలా వస్తాడు? ఇలాంటివి జవాన్ల నోటి నుంచి మంత్రి స్వయంగా వినాలి.

రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు జార్జ్ ఫెర్నాండెజ్ సియాచిన్‌కు మళ్లీ మళ్లీ వెళ్లారు, స్నో స్కూటర్ల ఫైలు నాన్చిన అధికారులను అక్కడికి వెళ్లి చూసి రమ్మన్నారు. రాజ్‌నాథ్ సింగ్ 2019లో సియాచిన్ వెళ్లినప్పుడు జవాన్ల తల్లిదండ్రులకు కృతజ్ఞతగా ఉత్తరాలు రాస్తానన్నారు. నీలం టోపీ పెట్టుకున్న పిల్లల ఇళ్లకూ అలాంటి ఉత్తరం రావాలి, అదీ తెలుగులో. దక్షిణ సూడాన్ రాజధాని జూబాలోనో, గోమాలోనో హెడ్‌క్వార్టర్స్ చూసి తిరిగొస్తే చాలదు. వానాకాలంలో బురదకు రోడ్డు తెగిపోయే పోస్టుల దాకా హెలికాప్టర్‌లో వెళ్లాలి, ఒక రాత్రి అక్కడే ఉండాలి.

నన్నడిగితే ముందు లెబనాన్ వెళ్లాలి. 1998 నుంచి మన బెటాలియన్ అక్కడి ఐరాస శాంతి మిషన్‌లో ఉంది. ఆ మిషన్‌ను 2026 డిసెంబర్ 31తో ముగించాలని భద్రతా మండలి 2025 ఆగస్టులో తీర్మానించింది. మనవాళ్లు సామాను సర్దుకోకముందే మంత్రి వెళ్లి వాళ్లతో కూర్చుని భోంచేయాలి.