కాగితంతో చేతిపని: పాఠకుల సందేహాలకు సమాధానాలు

ఇంట్లో కాగితంతో బొమ్మలు, పెట్టెలు, గ్రీటింగ్ కార్డులు చేసుకొనేవారి నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలను వరసగా చదివినప్పుడు ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. తమ చేతికి నేర్పు లేదని చాలామంది బాధపడుతున్నారు గాని, వారు వివరించిన లోపాల్లో ఎక్కువ భాగం చేతివి కావు. పనికి తగని కాగితాన్ని ఎంచుకోవడం వల్లనో, తగిన కాగితాన్నే తగని దిశలో మడవడం వల్లనో వచ్చినవి. అందుచేత ఈ సమాధానాల్లో చేతి ఒడుపు గురించి కన్నా కాగితం స్వభావం గురించే ఎక్కువగా చెప్పవలసి వచ్చింది.

ప్రశ్న: మందమైన రంగు అట్టతో కార్డులు చేస్తున్నాను. ఒక కార్డు చక్కగా మడతపడుతుంది. అదే షీటులోంచి కత్తిరించిన ఇంకొక కార్డు మడత దగ్గర చిట్లి, లోపలి తెలుపు బయటపడుతోంది. ఎందుకిలా జరుగుతోంది?

జవాబు: ఆ రెండు కార్డులనూ మీరు షీటులో ఒకదాన్ని నిలువుగా, ఒకదాన్ని అడ్డంగా కత్తిరించి ఉంటారు. యంత్రం మీద కాగితం తయారయ్యేటప్పుడు నీళ్లలో కలిసి ఉన్న సన్నని నారపోగులు కదులుతున్న జల్లెడ మీద పరుచుకుంటాయి. జల్లెడ ఏ దిశలో కదులుతుందో ఎక్కువ పోగులు ఆ దిశలోనే వరస తీరతాయి. ఆ వరసకు సమాంతరంగా మడత వేస్తే పోగులు పక్కకు ఒదిగి దారి ఇస్తాయి. అడ్డంగా వేస్తే పోగులు వంగి విరగవలసి వస్తుంది కాబట్టి పై పొర చిట్లుతుంది. పలచని కాగితంలో ఈ తేడా అంతగా తెలియదు గాని, అట్ట మందమయ్యే కొద్దీ అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

పోగుల దిశ తెలుసుకోవడం కష్టం కాదు. షీటును గీత పడనివ్వకుండా సగానికి వంచి, వంపు మీద అరచేతితో మెల్లగా నొక్కి చూడండి. తర్వాత షీటును తిప్పి రెండో దిశలో అలాగే వంచండి. ఏ వంపు మీ చేతికి తక్కువగా ఎదురు తిరుగుతుందో పోగులు ఆ వంపు గీత వెంబడే ఉన్నాయని అర్థం. పలచని కాగితమైతే ఒక చిన్న చతురస్రం కత్తిరించి ఒక వైపు మాత్రమే తడి చేయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవు ఏ దిశలో ఉందో అదే పోగుల దిశ. షీటు కొనగానే ఈ పరీక్ష చేసి, వెనకవైపు పెన్సిలుతో చిన్న బాణం గుర్తు పెట్టుకొంటే తర్వాత ఎన్ని ముక్కలు చేసినా తికమక ఉండదు.

చదరపు మీటరుకు 200 గ్రాములు దాటిన అట్టను ఏ దిశలోనైనా సరే ముందుగా గీటు పెట్టకుండా మడవకండి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నును స్కేలు అంచు వెంట నొక్కి లాగితే చాలు, గాడి పడుతుంది. గాడి మడతకు బయటి వైపుకు, దాని వెనక ఉబ్బెత్తుగా లేచిన గీత లోపలి వైపుకు వచ్చేలా మడవాలి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. గాడి లోపలికి పోతే బయటి పొర మీద లాగుడు ఎక్కువై, మీరు రాసిన చిట్లడమే మళ్లీ కనిపిస్తుంది.

ప్రశ్న: నా దగ్గర ఉన్న కాగితం కట్ట మీద చీటీ పోయింది. అది ఎన్ని గ్రాముల కాగితమో ఇంట్లోనే తెలుసుకొనే ఉపాయం ఉందా?

జవాబు: ఏ4 పరిమాణమైతే చక్కని ఉపాయం ఉంది. ఈ కొలతల వరసలో అన్నిటికన్నా పెద్దదైన ఏ0 షీటు వైశాల్యం ఒక చదరపు మీటరు. దాన్ని వరసగా నాలుగుసార్లు సగం చేస్తే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఏ4 వస్తుంది. అంటే 16 ఏ4 షీట్లు కలిస్తే ఒక చదరపు మీటరు. వంటింటి కాటా మీద 16 షీట్లు తూచితే ఎన్ని గ్రాములు వస్తాయో అదే మీ కాగితం జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు అది తూగే గ్రాములు. ప్రింటరుకు వాడే మామూలు కాగితం 70 నుంచి 80 మధ్య తూగుతుంది. చిన్న చిన్న మడతలు ఎక్కువగా ఉండే బొమ్మలకు 60 నుంచి 70 వరకు ఉన్నది హాయిగా ఉంటుంది. నిలబడవలసిన కార్డుకు 200కు తగ్గనిది తీసుకోండి.

ప్రశ్న: ఓరిగామి బొమ్మల పటాల్లో కొన్నిచోట్ల చిన్న గీతలు, కొన్నిచోట్ల గీతకూ గీతకూ మధ్య చుక్కలు ఉంటున్నాయి. వాటిని ఎలా చదవాలి? చతురస్రపు కాగితంతో చేసే పెట్టెకు మూత సరిపోవడం లేదు. దీనికీ మార్గం చెప్పగలరు.

జవాబు: విడివిడి గీతలు లోయ మడతను, అంటే కాగితాన్ని మీ వైపుకు తెచ్చి వేసే మడతను సూచిస్తాయి. గీతల మధ్య చుక్కలుంటే అది కొండ మడత, అంటే కాగితాన్ని వెనక్కి మడవాలి. ఈ గుర్తులకు, బాణాలకు పునాది వేసినవారు జపాన్‌కు చెందిన అకిరా యోషిజావా (1911–2005). 1954లో వెలువడిన ఆయన పుస్తకం తర్వాత ఈ పద్ధతిని ఇతర దేశాల వారు కొద్ది మార్పులతో స్వీకరించారు. అందువల్ల ఏ భాషలో అచ్చయిన పటమైనా మాటలు చదవకుండానే మీరు అనుసరించవచ్చు. పటం చూసేటప్పుడు ప్రస్తుత బొమ్మతో పాటు దాని తర్వాతి బొమ్మను కూడా చూసి, ఆ మడత చివరికి ఏ ఆకారంలోకి వస్తుందో తెలుసుకొన్న తర్వాతే చేయి కదపండి.

ఇక పెట్టె సంగతి. నాలుగు మూలలనూ మధ్యకు మడిచి, ఆ తర్వాత అంచులను మధ్య గీతకు తెచ్చి కట్టే పెట్టె గురించే మీరు అడుగుతున్నారని అనుకొంటున్నాను. ఇందులో పెట్టె అడుగు భాగం భుజం కాగితం భుజంలో సుమారు 0.354 వంతు ఉంటుంది, ఎత్తు అందులో సరిగ్గా సగం. ఏ4 నుంచి తీసిన 21 సెంటీమీటర్ల చతురస్రంతో చేస్తే అడుగు 7.4 సెంటీమీటర్లు, ఎత్తు 3.7 సెంటీమీటర్లు వస్తాయి. మూతకూ అదే పరిమాణం కాగితం వాడితే రెండూ సరిసమానమై ఒకదానిపై ఒకటి ఎక్కవు. మూతకు పూర్తి 21 సెంటీమీటర్లు ఉంచి, కింది పెట్టెకు కాగితాన్ని పొడవులోనూ వెడల్పులోనూ అర సెంటీమీటరు చొప్పున తగ్గించి 20.5 సెంటీమీటర్ల చతురస్రం చేసుకొంటే, పెట్టె వెడల్పులో రెండు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ సందు మిగులుతుంది. 80 గ్రాముల కాగితానికి అది సరిపోతుంది, కాగితం మందమైతే ఇంకొంత తగ్గించాలి. కత్తిరించిన చతురస్రం నిజంగా చతురస్రమేనా అన్నది కర్ణం వెంబడి ఒకసారి మడిచి చూడండి. ఒక మిల్లీమీటరు తేడా మొదట్లో కంటికి ఆనకపోయినా, చివరి మడతకు వచ్చేసరికి మూలలు కలవకుండా చేస్తుంది.

ప్రశ్న: తెరవగానే లోపలినుంచి చిన్న మెట్టు లేచి నిలబడే పాప్-అప్ కార్డు చేశాను. మూసినప్పుడు ఆ ముక్క కార్డు అంచు దాటి బయటికి వస్తోంది. ఎక్కడ లెక్క తప్పింది?

జవాబు: కార్డును సగానికి మడిచి, మడత వైపునుంచి రెండు సమాంతరమైన కోతలు పెట్టి, మధ్య పట్టీని లోపలికి నెట్టే పద్ధతి ఇది. కోత పొడవు నాలుగు సెంటీమీటర్లు అనుకోండి. కార్డు మూసినప్పుడు ఆ పట్టీ మొదలయ్యే చోటే మడతకు నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడినుంచి పట్టీ ఇంకొక నాలుగు సెంటీమీటర్లు ముందుకు పడుకొంటుంది. అంటే దాని కొస మడతనుంచి ఎనిమిది సెంటీమీటర్ల దూరానికి చేరుతుంది. మడిచిన కార్డు వెడల్పు ఏడు సెంటీమీటర్లే అయితే మిగిలిన సెంటీమీటరు బయటికి రాక తప్పదు. కాబట్టి కోత పొడవు, మడిచిన కార్డు వెడల్పులో సగానికి మించకూడదు, అర సెంటీమీటరు తక్కువగా ఉంటే ఇంకా మంచిది. ఆ మెట్టు మీద పువ్వో పిట్టో అంటించదలచుకొంటే దాని పొడుగునూ ఈ లెక్కలో కలుపుకోవాలి. పాడు కాగితం మీద ఒక నమూనా చేసి, మూసి, తెరిచి చూసుకొన్న తర్వాతే మంచి అట్టను ముట్టుకోండి. పాప్-అప్ పనిలో నమూనాకు వెచ్చించిన సమయం ఎన్నడూ వృథా కాదు.

ప్రశ్న: అట్ట మీద రంగు కాగితం అంటిస్తే ఆరిన తర్వాత మొత్తం పళ్లెంలా వంగిపోతోంది. జిగురు మార్చాలా?

జవాబు: జిగురు మార్చడం కన్నా ముందు దాన్ని తగ్గించండి. తెల్ల జిగురులో నీరు ఉంటుంది. నీరు తగిలిన నారపోగు పొడవులో కొద్దిగానే పెరుగుతుంది గాని, లావులో బాగా ఉబ్బుతుంది. అందువల్ల తడిసిన కాగితం పోగులకు అడ్డ దిశలో సాగుతుంది, సాగి ఉన్న స్థితిలోనే అట్టకు అంటుకొని, ఆరుతూ ముడుచుకొని, అట్టను తన వైపుకు లాగుతుంది. ఈ లాగుడును అదుపు చేయడానికి మూడు పనులు చేయండి. కాగితానికీ అట్టకూ పోగుల దిశ ఒకటే ఉండేలా చూడండి. జిగురును కుంచెతో మధ్యనుంచి అంచులకు పలచగా పులమండి. అట్ట వెనకవైపు కూడా అదే బరువున్న కాగితం ఇంకొకటి అంటించండి. మూడోది చాలామంది అనవసరమనుకొంటారు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే, ఎందుకంటే రెండు వైపులా సమానంగా లాగితేనే అట్ట చదునుగా నిలుస్తుంది. తర్వాత పైనా కిందా పొడి కాగితాలు పెట్టి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. మరీ పలచని కాగితాలకు గ్లూ స్టిక్ గాని, రెండు వైపులా అంటే టేపు గాని వాడితే తడి సమస్యే రాదు.

ప్రశ్న: నాలుగేళ్ల పిల్లకు కత్తెర ఇవ్వవచ్చా?

జవాబు: మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెరను, పెద్దలు పక్కన కూర్చొని ఉన్నప్పుడు ఇవ్వవచ్చు. మొదట సన్నని పట్టీలు ఇచ్చి ఒక్క కోతకు తెగేలా చేయించండి, ఆ తర్వాత తిన్నని గీత, చివరగా వంపు. వంపు కత్తిరించేటప్పుడు కత్తెరను కదలనివ్వక రెండో చేతితో కాగితాన్ని తిప్పడం అలవాటు చేయండి. బ్లేడు కట్టరు మాత్రం ఆ వయసు వారికి అందని చోట ఉండాలి.

ప్రశ్న: పాత నోటు పుస్తకాలను నానబెట్టి, మిక్సీలో రుబ్బి కాగితం చేశాను. ఎండిన తర్వాత చేత్తో వంచితే విరుగుతోంది. దాని మీద రాస్తే ఇంకు పాకుతోంది.

జవాబు: విరగడానికి మొదటి కారణం ఎక్కువసేపు రుబ్బడమే కావచ్చు. కాగితానికి బలం పొడవైన పోగులు ఒకదానితో ఒకటి అల్లుకోవడం వల్ల వస్తుంది. పాత కాగితంలో పోగులు ముందే కొంత అరిగి ఉంటాయి, మిక్సీ బ్లేడు వాటిని ఇంకా తుంచుతుంది. ముక్కలను రాత్రంతా బాగా నాననిచ్చి, పిడికెడు ముక్కలకు జారు నిండా నీళ్లు పోసి, ఆపి ఆపి కొద్దిసేపు మాత్రమే తిప్పండి. గుజ్జులో చిన్న చిన్న తుంపులు కనిపిస్తున్నా ఫరవాలేదు. నిగనిగలాడే పత్రికల పుటలు కలపకండి, ఎందుకంటే వాటి నునుపు పైన పూసిన సున్నపు, బంకమట్టి పొడిది, ఆ పొడి పోగులను అతుక్కోనివ్వదు.

రెండో కారణం నొక్కడం చాలకపోవడం. జల్లెడ మీద తేల్చి తీసిన షీటును బట్టమీదికి దించిన తర్వాత పైన ఇంకొక బట్ట వేసి, పలకల మధ్య పెట్టి, మీ శరీరబరువంతా మోపి నీరు పిండేయండి. పోగులు దగ్గరగా వచ్చి ఆరినప్పుడు జిగురు అవసరం లేకుండానే ఒకదాన్నొకటి పట్టుకొంటాయి, ఎడంగా ఆరితే ఆ పట్టు ఉండదు. ఇంకు పాకకుండా ఉండాలంటే షీటు పూర్తిగా ఎండిన తర్వాత పలచని పిండి గంజిని కుంచెతో రెండు వైపులా రాసి మళ్లీ ఆరబెట్టండి. మిగిలిన గుజ్జును సింకులో పోయకండి, గొట్టంలో పేరుకొని గట్టిపడుతుంది. బట్టలో వడకట్టి ముద్దగా చేసి ఎండబెడితే మరోసారి నానబెట్టుకొని వాడుకోవచ్చు.

ప్రశ్న: వార్తాపత్రికలను గొట్టాలుగా చుట్టి బుట్ట అల్లాను. కొన్ని నెలలకే పసుపుపచ్చగా మారింది. తెల్లగా ఉంచే మార్గం ఉందా?

జవాబు: వార్తాపత్రికల కాగితంలో కలపలోని లిగ్నిన్ అనే పదార్థం చాలావరకు అలాగే మిగిలి ఉంటుంది. వెలుతురు, గాలి తగిలే కొద్దీ అది మారి పసుపు రంగు ఇస్తుంది. దీన్ని పూర్తిగా ఆపలేం, ఆలస్యం చేయగలం. బుట్టను ఎండ నేరుగా పడని చోట ఉంచండి. అల్లడానికి ముందే గొట్టాలకు తెలుపు గాని, మీకు నచ్చిన రంగు గాని అక్రిలిక్ రంగు పూసి పూర్తిగా ఆరనివ్వండి, అప్పుడు లోపలి కాగితం మారినా బయటికి కనబడదు. ఏళ్ల తరబడి తెల్లగా ఉండవలసిన వస్తువైతే ఆమ్లరహితమని ముద్ర ఉన్న కాగితాన్ని వాడండి. గొట్టం చుట్టేటప్పుడు కాగితాన్ని మూలనుంచి ఏటవాలుగా చుట్టి ఒక కొస కొంచెం సన్నగా వచ్చేలా చూసుకోండి. ఆ కొసకు చుక్క జిగురు రాసి తర్వాతి గొట్టంలోకి జొనిపితే ముడి లేకుండా పొడవు పెంచుకొంటూ పోవచ్చు.