విచారణలు కలిపితే మా గుడి మూసేస్తారా?

మూడు విచారణలను (అంటే ఒక్కో ఫాదర్ గారి కింద ఉండే క్యాథలిక్ సంఘాలను) కలిపి ఒకటి చేస్తున్నట్టు బిషప్ గారి లేఖ చదివారని, ఇక మీ గుడి మూసేసినట్టేనా, మీరు చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు. మా దగ్గరా ఇలాగే మూడు కలిశాయి. అప్పుడు నేను విచారణ మండలిలో ఉన్నాను కాబట్టి చూసింది చెబుతాను.

ముందు టెన్షన్ తగ్గించుకోండి. విచారణలు కలపడం వేరు, గుడి మూయడం వేరు. విచారణను ఏర్పాటు చేయాలన్నా, రద్దు చేయాలన్నా, మార్చాలన్నా తిరుసభ (క్యాథలిక్ చర్చి) చట్టం 515వ నిబంధన ప్రకారం అధికారం బిషప్ గారిదే. కాకపోతే గురువుల (ఫాదర్ల) మండలి మాట వినకుండా చేయకూడదు. గుడిలో ఇక పూజలే ఉండవని తేల్చాలంటే మాత్రం 1222వ నిబంధన ఉంది, దానికి బలమైన కారణం చూపాలి. గురువుల కొరత అలాంటి కారణం కాదని 2020లో వాటికన్ గురువుల విభాగం ఇచ్చిన సూచనల్లో స్పష్టంగానే ఉంది. ఇంకో సంగతి. కొత్త విచారణకు ఏ పేరైనా పెట్టుకోవచ్చు, ప్రతిష్ఠించిన గుడి పేరు మాత్రం మారదు (1218వ నిబంధన). ఇది తెలియకే మా వాళ్లు 'మా పునీతుడి పేరు తీసేస్తున్నారు' అని సంతకాలు కూడా సేకరించారు.

అందుకే లేఖతో సరిపెట్టుకోకుండా బిషప్ గారు ఇచ్చిన ఉత్తర్వు ప్రతి అడిగి తీసుకోండి. అభ్యంతరం ఉంటే, ఉత్తర్వు అందిన 10 రోజుల్లో ముందు బిషప్ గారికే రాతపూర్వకంగా పెట్టుకోవాలి. ఆయన కుదరదన్నా, 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఆ తర్వాత 15 రోజుల్లో రోముకు (వాటికన్‌కు) రాయవచ్చు. మా వాళ్లు వాట్సాప్ గ్రూపులో వాదించుకుంటూ ఉండగానే మొదటి గడువు కాస్తా దాటిపోయింది.

అసలు రభస పూజ వేళల దగ్గర మొదలవుతుంది. ఎంత అవసరమైనా ఒక గురువు ఆదివారం మూడు పూజలకు మించి చేయడానికి చట్టం ఒప్పుకోదు. ఒక్క ఫాదర్ గారే ఉంటే అన్ని గుళ్లలోనూ పాత వేళలే ఉంచమంటే ఎలా కుదురుతుంది? ఎవరో ఒకరు సర్దుకోవాలి. ఆ సర్దుబాటు ప్రతిసారీ చిన్న గుడివాళ్ల మీదే పడకుండా చూసుకోండి, చాలు.

గాయక బృందాలను కలిపినప్పుడు చూడాలి తమాషా! పాట అదే, రాగం అదే. చరణం చివర ఒక గుడివాళ్లు సాగదీస్తే ఇంకో గుడివాళ్లు ఠక్కున ఆపేసేవారు. మధ్యలో కీబోర్డు వాయించే కుర్రాడు బిక్కమొహం వేసుకుని అటూ ఇటూ చూసేవాడు. ఆ ప్రాక్టీసుల్లో నవ్వుకున్నాకే జనం ఒకరి పేర్లు ఒకరు తెలుసుకున్నారు. మీటింగుల్లో మాత్రం ఎవరి గుడివాళ్లు వాళ్ల వరుసలోనే కూర్చునేవారు.

దీనికి విరుద్ధంగా జరిగిందీ ఒకటుంది. ఒక గుడిలో పూజావస్తువుల గది తాళంచెవి ఏళ్లతరబడి ఒక పెద్దాయన జేబులోనే ఉండేది. కొత్త కమిటీ ఆయనకు ఒక్క మాటైనా చెప్పకుండా తాళం మార్చింది. ఆయన రావడం మానేశారు, వెనకే వాళ్ల బంధువులూ మానేశారు. నన్నడిగితే ఉత్తర్వు కన్నా ఆ తాళమే ఎక్కువ మందిని దూరం చేసింది. మీ గుళ్లో ఇలాంటి పనులు ఎవరెవరు చూస్తున్నారో ముందే రాసుకుని, కలిసిన తర్వాత కూడా వాళ్ల చేతికి ఏదో ఒక బాధ్యత ఇప్పించండి.

మీటింగుకి వెళ్తే డబ్బు సంగతీ అడగండి. విచారణలు కలిస్తే ఆస్తులూ అప్పులూ కొత్త విచారణకే వెళ్తాయి. కానీ దాతలు ఫలానా పనికని ఇచ్చినది ఆ పనికే వాడాలి. అలాంటి విరాళాల జాబితా మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. పాత జ్ఞానస్నాన (బాప్తిస్మ), వివాహ రిజిస్టర్లు ఏ ఆఫీసులో పెడతారో కూడా కాగితం మీద రాయించుకోండి. రేపు పెళ్లికి జ్ఞానస్నాన సర్టిఫికెట్ కావాల్సి వస్తే మూడు గుళ్లూ తిరిగే పని ఉండదు.